ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో మిగిలిపోయే బిల్డ్ ఫైళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సోర్సు నుంచి ప్రోగ్రామ్‌లు కట్టుకునే ఏర్పాటే పోర్ట్స్; ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక పోర్ట్, అవన్నీ ఉండే `/యూఎస్ఆర్/పోర్ట్స్` ఫోల్డరే ట్రీ. ఇలా పోర్ట్స్ నుంచి సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసుకునేవాళ్లకు రెండు బాధలు మాటిమాటికీ వస్తాయి. ఒకటి డిస్క్ నిండిపోవడం. రెండోది, నిన్న తప్పిన బిల్డ్ ఇవాళ కూడా అదే లైన్ దగ్గర తప్పడం. రెండింటికీ మూలం చాలాసార్లు ఒక్కటే: పాత బిల్డ్ వదిలేసి పోయిన ఫైళ్లు. వీటి మీద వచ్చే సందేహాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాం.

ఆదేశాలను పలికినట్టే తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో మామూలుగానే ఇంగ్లిషులో కొట్టాలి. హైఫన్ తర్వాతి అక్షరం పెద్దదైతే అక్కడే చెప్పాం, చెప్పకపోతే చిన్నదే.

## మొదలుపెట్టే ముందు

ఒక పోర్ట్ బిల్డ్ చేస్తే ఏమేం మిగులుతాయి? ఎక్కడ?

అయిదు రకాలు మిగులుతాయి. పోర్ట్ డైరెక్టరీలోనే `వర్క్` అనే ఫోల్డర్: విప్పిన సోర్సు, ఆబ్జెక్ట్ ఫైళ్లు, ఇన్‌స్టాల్‌కి ముందు పేర్చి పెట్టే `స్టేజ్` కాపీ అన్నీ అందులోనే ఉంటాయి. `/యూఎస్ఆర్/పోర్ట్స్/డిస్ట్‌ఫైల్స్`లో డౌన్‌లోడ్ అయిన సోర్సు కట్టలు. `/యూఎస్ఆర్/పోర్ట్స్/ప్యాకేజెస్`లో మీరు కట్టించుకున్న ప్యాకేజీలు. `/వార్/డీబీ/పోర్ట్స్`లో నీలం తెరపై మీరు టిక్ పెట్టిన ఆప్షన్లు. ఇక కంపైల్ కోసమే దిగి, ఆ తర్వాత ఎవరికీ అక్కరలేని సీమేక్, జీమేక్, రస్ట్ లాంటి పనిముట్లు. ఇవి మామూలు ప్యాకేజీల్లాగే ఇన్‌స్టాల్ అయి కూర్చుంటాయి. ఒక్కోదానికి చెరిపే పద్ధతి వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తేనే గొడవ.

ఏది ఎంత చోటు తింటోందో ఎలా చూడాలి?

డిస్ట్‌ఫైల్స్‌కి `డీయూ -ఎస్‌హెచ్ /యూఎస్ఆర్/పోర్ట్స్/డిస్ట్‌ఫైల్స్`. వర్క్ ఫోల్డర్లకు `ఫైండ్ /యూఎస్ఆర్/పోర్ట్స్ -మిన్‌డెప్త్ 3 -మాక్స్‌డెప్త్ 3 -టైప్ డీ -నేమ్ 'వర్క్*'` కొట్టి, చివర `-ఎగ్జెక్ డీయూ -ఎస్‌హెచ్ {} +` తగిలిస్తే ఒక్కోదాని బరువు లైనుకొకటిగా వస్తుంది. ఎల్ఎల్‌వీఎం, రస్ట్, క్రోమియం లాంటి పోర్ట్ ఒక్కటి మధ్యలో ఆగిపోయి ఉన్నా చాలు, జీబీల లెక్కలో తేడా అక్కడే కనిపిస్తుంది.

వర్క్ ఫోల్డర్ పోర్ట్స్ ట్రీలో కాకుండా వేరే డిస్క్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోవడమే మేలు. `/ఈటీసీ/మేక్.కాన్ఫ్`లో `డబ్ల్యూఆర్‌కేడిర్‌ప్రిఫిక్స్=/పెద్దడిస్క్/బిల్డ్` అని ఒక లైను రాయండి. ఈ పేరు మొత్తం పెద్దక్షరాల్లో ఉండాలి, అందులోని 'వర్క్'లో ఓ అక్షరం ఉండదు. ఓ పెట్టి రాస్తే తప్పు చూపదు, ఊరికే పట్టించుకోదు. ఆ తర్వాత పోర్ట్ పూర్తి దారి యథాతథంగా ఆ ప్రిఫిక్స్ కింద వస్తుంది: `/పెద్దడిస్క్/బిల్డ్/యూఎస్ఆర్/పోర్ట్స్/ఎడిటర్స్/విమ్/వర్క్` ఇలా. ట్రీ శుభ్రంగా ఉంటుంది, మొత్తం తుడవాలంటే ఒక్క ఫోల్డర్ చెరిపితే సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఆ డిస్క్ నోఎగ్జెక్‌తో (ప్రోగ్రామ్‌లు నడపనివ్వని ఆప్షన్) మౌంట్ అయి ఉంటే కాన్ఫిగర్ దశలోనే 'పర్మిషన్ డినైడ్' వస్తుంది, ఎందుకంటే అప్పుడే కంపైల్ చేసిన చిన్న పరీక్ష ప్రోగ్రామ్‌ని అక్కడి నుంచే నడపాలి. రెండోది, టీఎంపీఎఫ్ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) మీద పెడితే రీబూట్‌తో అన్నీ పోతాయి కాబట్టి చిన్న పోర్ట్‌లకు హాయే, కానీ పెద్ద పోర్ట్‌లు ర్యామ్‌నీ స్వాప్‌నీ కలిపి మింగేస్తాయి.

## బిల్డ్ నడుస్తుండగా, మధ్యలో ఆగితే

కంపైల్ మధ్యలో కరెంటు పోయింది. క్లీన్ చేయాలా, మళ్లీ మేక్ కొడితే చాలా?

మళ్లీ `మేక్` కొడితే ఆగిన చోటి నుంచే నడుస్తుంది. ఎందుకంటే ఒక్కో దశ పూర్తయ్యాక వర్క్‌లో ఒక ఖాళీ గుర్తు ఫైలు పడుతుంది. `ఎల్ఎస్ -ఏ వర్క్` కొడితే చుక్కతో మొదలయ్యే పేర్లు కనిపిస్తాయి: `.ఎక్స్‌ట్రాక్ట్_డన్`, `.ప్యాచ్_డన్`, `.కాన్ఫిగర్_డన్`, వాటి వెనక పోర్ట్ పేరు, ఆపైన `_యూఎస్ఆర్_లోకల్`. గుర్తు ఉంటే ఆ దశ అయిపోయినట్టే లెక్క.

చిక్కు ఎక్కడంటే, కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైలు సగమో, సున్నా బైట్లో మిగలొచ్చు. తేదీ కొత్తది కాబట్టి మేక్ దాన్ని పూర్తయిందనే అనుకుంటుంది, చివర్లో లింకర్ దగ్గర బోల్తా పడుతుంది. చిన్న పోర్ట్ అయితే ఆలోచించకుండా `మేక్ క్లీన్` కొట్టి మొదటి నుంచి చేయండి. ఆరేడు గంటలు నడిచిన పోర్ట్ అయితే `ఫైండ్ వర్క్ -నేమ్ '*.ఓ' -సైజ్ 0` కొట్టి, దొరికిన వాటిని మాత్రం చెరిపి కొనసాగించి చూడండి. సగం రాసిన ఫైళ్లు ఈ వెతుకులాటకు దొరకవు. అయినా తప్పితే అప్పుడు క్లీన్.

గిట్ పుల్ చేశాక బిల్డ్ వింతగా తప్పుతోంది. కొత్త వెర్షన్‌లో బగ్గా?

బగ్ అనుకునే ముందు వర్క్ ఉందేమో చూడండి. దశల గుర్తు ఫైళ్లలో పోర్ట్ పేరు ఉంటుంది కానీ వెర్షన్ ఉండదు. పాత వర్క్ అలాగే ఉండగా ట్రీ కొత్తదైతే, విప్పడం అయిపోయిందనుకుని మేక్ ఆ దశను దాటేస్తుంది. ఎదురుగా పాత సోర్సు, చేతిలో కొత్త మేక్‌ఫైల్. అప్పుడు కనిపించే లక్షణాలు తెలిసినవే: ఉండాల్సిన డైరెక్టరీ లేదనడం, ప్యాచ్ అంటకపోవడం, అన్నీ దాటి వచ్చినా ప్యాకేజీ కట్టేటప్పుడు ప్లిస్ట్‌లోని (ప్యాకేజీలో ఉండాల్సిన ఫైళ్ల జాబితా) ఫైళ్లు దొరకలేదనడం. `మేక్ క్లీన్` కొట్టి మళ్లీ మొదలుపెట్టండి. ట్రీని తాజా చేసే ప్రతిసారీ ముందు వర్క్‌లు తుడిచే అలవాటు ఉంటే ఈ ప్రశ్నే రాదు.

మేక్ కాన్ఫిగ్‌లో ఆప్షన్ మార్చాను, ప్రోగ్రామ్‌లో తేడా రాలేదు. ఎందుకని?

ఆప్షన్లు పనిచేసేది ఎక్కువగా కాన్ఫిగర్ దశలో. ఆ దశ గుర్తు ఫైలు వర్క్‌లో ఇంకా ఉంటే మార్పు చదవకుండానే పాత ఫలితాన్నే ఇన్‌స్టాల్ చేస్తుంది. వరస ఇలా ఉండాలి: `మేక్ క్లీన్`, `మేక్ కాన్ఫిగ్`, `మేక్`, ఆపైన `మేక్ డీఇన్‌స్టాల్ రీఇన్‌స్టాల్`.

చెక్‌సమ్ కలవడం లేదంటోంది. క్లీన్ చేసినా అదే తప్పు. ఏం చేయాలి?

క్లీన్ వర్క్‌ని మాత్రమే ముట్టుకుంటుంది. చెక్‌సమ్ (కట్ట మారలేదని తేల్చే సంఖ్య) తప్పిన కట్ట డిస్ట్‌ఫైల్స్‌లో ఉంది. `మేక్ డిస్ట్‌క్లీన్` కొడితే ఆ పోర్ట్ కట్టలు కూడా పోయి, మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. రెండోసారి కూడా తేడా వస్తే ముందు ట్రీని తాజా చేయండి. అప్పటికీ తగ్గకపోతే మూల సైటులోనే ఫైలు మారి ఉండొచ్చు, పోర్ట్ నిర్వాహకులకు తెలియజేయాలి. `మేక్ మేక్‌సమ్` కొట్టేసి ముందుకు పోవద్దు. అది పోర్ట్ తయారుచేసేవాళ్ల పనిముట్టు. మీరు వాడితే వచ్చిన ఫైలు ఏదైనా సరే అదే అసలుదని మీ చేత్తో ముద్ర వేసినట్టు.

మేక్ క్లీన్ కొట్టాను, తప్పేమీ చూపలేదు, కానీ వర్క్ అలాగే ఉంది. ఎలా?

మూడు కారణాల్లో ఒకటి. రూట్‌గా బిల్డ్ చేసి మామూలు యూజర్‌గా క్లీన్ కొడితే 'నాట్ రైటబుల్, స్కిప్పింగ్' అని ఒక్క లైను చెప్పి ఊరుకుంటుంది. అది తప్పు కింద రాదు కాబట్టి కంటపడదు. రెండోది, బిల్డ్ అప్పుడు డబ్ల్యూఆర్‌కేడిర్‌ప్రిఫిక్స్‌ని ఆదేశంలోనే ఇచ్చి, క్లీన్ అప్పుడు ఇవ్వకపోతే అది వేరే చోట వెతుకుతుంది; అదే విలువతో కొట్టాలి. మేక్.కాన్ఫ్‌లో ఈ లైను కొత్తగా చేర్చినప్పుడూ ఇంతే, అంతకుముందు ట్రీలో పడిన వర్క్‌లు అనాథలుగా మిగులుతాయి. మూడోది ఫ్లేవర్లు, అంటే ఒకే పోర్ట్ నుంచి కట్టే వేర్వేరు రకాలు: పైథాన్ పోర్ట్‌లలో ఫోల్డర్ పేరు వట్టి `వర్క్` కాదు, `వర్క్-పీవై311` లాంటి తోకతో ఉంటుంది. పోర్ట్ డైరెక్టరీలో ఒకసారి `ఎల్ఎస్` కొట్టి చూడండి. మిగిలింది కనిపిస్తే `ఆర్ఎం -ఆర్ఎఫ్`తో నేరుగా చెరిపినా ఏ నష్టమూ లేదు.

## ఇన్‌స్టాల్ అయ్యాక

వర్క్ చెరిపేస్తే ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్ పోతుందా?

పోదు. ఇన్‌స్టాల్ అయినవి `/యూఎస్ఆర్/లోకల్` కింద ఉంటాయి, వాటి లెక్క పీకేజీ (ప్యాకేజీలు చూసుకునే పనిముట్టు) డేటాబేస్‌లో ఉంటుంది. వర్క్‌తో వాటికి సంబంధం తెగిపోయింది. అన్‌ఇన్‌స్టాల్ చేయడానికి కూడా వర్క్ అక్కర్లేదు.

ఒక్క మెలిక: మీరు ప్యాకేజీ ఫైలు దాచుకోవాలనుకుంటే క్లీన్‌కి ముందే `మేక్ ప్యాకేజ్` కొట్టాలి. `/యూఎస్ఆర్/పోర్ట్స్/ప్యాకేజెస్` ఫోల్డర్ ముందే ఉంటే ప్యాకేజీ అక్కడికి వెళ్తుంది, లేకపోతే వర్క్ లోపలే `వర్క్/పీకేజీ`లో ఉండిపోయి క్లీన్‌తో పోతుంది.

మేక్ ఇన్‌స్టాల్ క్లీన్ అని కలిపి కొట్టడం మంచిదేనా?

మంచిదే, అందరూ చేసేదే. ఇన్‌స్టాల్ తప్పితే క్లీన్ దాకా రాదు కాబట్టి తప్పు ఎక్కడో చూసుకోవడానికి వర్క్ మిగులుతుంది. ఒక విషయం మాత్రం గుర్తుండాలి: క్లీన్ ఆ పోర్ట్‌తో ఆగదు, అది ఆధారపడిన పోర్ట్‌ల వర్క్‌లనూ తుడుస్తుంది. ఇంకో టెర్మినల్‌లో అదే ఆధారాన్ని కంపైల్ చేస్తుంటే కాళ్ల కింద నేల లాగేసినట్టే, అక్కడ ఉన్నట్టుండి ఫైళ్లు లేవంటుంది. ఒక్క పోర్ట్‌నే తుడవాలంటే `మేక్ నోక్లీన్‌డిపెండ్స్=ఎస్ క్లీన్` (ఆ పొడుగు మాట పెద్దక్షరాల్లో) కొట్టండి.

పోర్ట్‌మాస్టర్ వాడుతున్నాను. నేను వేరే క్లీన్ చేయాలా?

అక్కర్లేదు. పోర్ట్‌లను కట్టి తాజా చేసే ఆ పనిముట్టు బిల్డ్‌కి ముందూ తర్వాతా తానే క్లీన్ చేస్తుంది. ముందు చేసే క్లీన్ వద్దంటే హైఫన్ పెద్ద సీ, తర్వాత చేసేది వద్దంటే హైఫన్ పెద్ద కే ఇవ్వాలి. గంటల తరబడి నడిచి ఆగిపోయిన బిల్డ్‌ని కొనసాగించేటప్పుడు పెద్ద సీ మరిచిపోతే మొదటికి వస్తుంది. మధ్యలో తప్పిపోయిన పోర్ట్‌ల వర్క్ మాత్రం మిగిలే ఉంటుంది.

ట్రీ మొత్తంలో ఉన్న వర్క్‌లన్నీ ఒక్కసారిగా ఎలా తుడవాలి?

`/యూఎస్ఆర్/పోర్ట్స్`లో నిలబడి `మేక్ క్లీన్` కొట్టకండి. పనిచేస్తుంది, కానీ 30,000కు పైగా పోర్ట్‌ల తలుపు ఒక్కొక్కటే తట్టి, ఒక్కోదాని ఆధారాల దగ్గరకూ పోయి వస్తుంది. గంటలు పడుతుంది. పోర్ట్‌అప్‌గ్రేడ్ (అలాంటిదే ఇంకో పనిముట్టు) ఉంటే `పోర్ట్స్‌క్లీన్ -సీ` (పెద్ద సీ). లేకపోతే ముందు `ఫైండ్ /యూఎస్ఆర్/పోర్ట్స్ -మిన్‌డెప్త్ 3 -మాక్స్‌డెప్త్ 3 -టైప్ డీ -నేమ్ 'వర్క్*'` కొట్టి వచ్చిన జాబితా చదవండి. సరిగ్గా ఉందనుకుంటే అదే ఆదేశం చివర `-ఎగ్జెక్ ఆర్ఎం -ఆర్ఎఫ్ {} +` చేర్చండి. `-డిలీట్` పనికిరాదు, అది ఖాళీ ఫోల్డర్లనే తీస్తుంది.

ట్రీ గిట్‌లోనే ఉంది కదా, గిట్ క్లీన్ కొడితే పోదా?

గిట్ క్లీన్‌కి ఎఫ్, డీ మాత్రమే ఇస్తే వర్క్‌లు పోవు, ఎందుకంటే ట్రీలోని గిట్‌ఇగ్నోర్ వాటిని పట్టించుకోవద్దని చెబుతుంది. ఎక్స్ కూడా చేరిస్తే వర్క్‌లతో పాటు డిస్ట్‌ఫైల్స్, ప్యాకేజెస్ కూడా ఊడ్చుకుపోతాయి. మీరు సొంతంగా రాసుకుని కమిట్ చేయని పోర్ట్ ఫోల్డర్లు రెండు రకాలుగానూ పోతాయి. మా సలహా, ఈ పనికి దీన్ని వాడవద్దు. తప్పదంటే ముందు `-ఎన్‌డీఎక్స్`తో ఏం పోతుందో చూసుకోండి.

సీమేక్, రస్ట్, ఎల్ఎల్‌వీఎం నేను అడగలేదు, అయినా ఉన్నాయి. తీసేయొచ్చా?

కంపైల్ కోసం దిగినవి అవి. `పీకేజీ ఆటోరిమూవ్` కొడితే, ఇంకోదానికి ఆధారంగా తమంతట దిగినవాటిలో ఇన్‌స్టాల్ అయిన ఏ ప్యాకేజీకీ నడవడానికి అవసరం లేనివన్నీ జాబితా కడుతుంది. చదివాకే ఎస్ కొట్టండి. మీరు కావాలనుకున్నదే అందులో కనిపిస్తే `పీకేజీ సెట్ -ఏ 0` (పెద్ద ఏ), ఆ పక్కన పేరు ఇవ్వండి, ఇక దాన్ని ముట్టుకోదు.

అయితే తీసేయడం వల్ల లాభమా అన్నది వేరే మాట. వచ్చే నెల ఫైర్‌ఫాక్స్ తాజా చేసేటప్పుడు రస్ట్ మళ్లీ కావాలి, మళ్లీ గంటల కంపైల్. ఇలాంటి బరువైన పనిముట్లను ఉంచేయడమో, `మేక్ ఇన్‌స్టాల్-మిస్సింగ్-ప్యాకేజెస్`తో తయారు ప్యాకేజీలుగా దించుకోవడమో మేలు. ప్యాకేజీలు దించుకుంటే మీ ట్రీ, ప్యాకేజీ రెపో ఒకే బ్రాంచిలో ఉండాలి: మెయిన్ ట్రీకి లేటెస్ట్, క్వార్టర్లీ ట్రీకి క్వార్టర్లీ. కలగలిపితే లైబ్రరీ వెర్షన్లు పొసగవు.

## నెలలు గడిచాక

డిస్ట్‌ఫైల్స్ మొత్తం చెరిపేస్తే ఏమైనా విరుగుతుందా?

నడుస్తున్న సిస్టమ్‌లో ఏదీ విరగదు. మళ్లీ బిల్డ్ చేసినప్పుడు మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి, అంతే. నెమ్మది కనెక్షన్, డేటా పరిమితి ఉన్నవాళ్లకు అదే పెద్ద నష్టం. లైసెన్స్ షరతుల వల్ల మీరే బ్రౌజర్‌తో దించి అక్కడ పెట్టిన కట్టలుంటే అవి తమంతట తాము తిరిగి రావు, వేరే చోటికి తీసి పెట్టుకోండి.

పాత వెర్షన్ల కట్టలు మాత్రమే తీసేసేది ఏ ఆదేశం?

`పోర్ట్స్‌క్లీన్ -డీ` (పెద్ద డీ) కొడితే ట్రీలో ఏ పోర్ట్ కూడా అడగని కట్టలు పోతాయి. `-డీడీ` అని రెండు పెద్ద డీలు ఇస్తే మీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయిన పోర్ట్‌లు అడగనివన్నీ పోతాయి, ఇదే ఎక్కువ చోటు ఇస్తుంది. పోర్ట్‌మాస్టర్‌లో `--క్లీన్-డిస్ట్‌ఫైల్స్`. ఇది ఒక్కో ఫైలుకీ అడుగుతుంది, విసుగొస్తే `-వై` చేర్చండి. ఒకే డిస్ట్‌ఫైల్స్ ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్‌తో (నెట్‌వర్క్ ద్వారా) నాలుగు మెషీన్లు పంచుకుంటుంటే రెండు డీలు, పోర్ట్‌మాస్టర్ రెండూ ప్రమాదమే. ఒక మెషీన్‌లో లేని పోర్ట్ కట్టలు మిగతా మూడింటికి కావాలి కదా.

`మేక్ డిస్ట్‌క్లీన్` దీనికి పనికిరాదు. అది ట్రీలో ఇప్పుడున్న వెర్షన్ కట్టలనే తీస్తుంది, పాతవాటి పేర్లు దానికి తెలియవు. పైగా ఆధారాల వర్క్‌లను తుడుస్తుంది కానీ వాటి కట్టలను వదిలేస్తుంది.

డిస్ట్‌ఫైల్స్‌లో రస్ట్/క్రేట్స్ ఫోల్డర్‌లో వందల చిన్న ఫైళ్లున్నాయి. ఏమిటవి?

రస్ట్‌తో రాసిన పోర్ట్‌లకు కావాల్సిన లైబ్రరీలు, ఒక్కో క్రేట్ ఒక్కో ఫైలు. వెర్షన్ మారినప్పుడల్లా కొత్తవి చేరతాయి, పాతవి పోవు. ఆ ఫోల్డర్ మొత్తాన్ని చెరిపినా పర్వాలేదు, అవసరమైనవి మళ్లీ వస్తాయి.

వార్/డీబీలో ఏవి తీయొచ్చు, ఏవి తీయకూడదు?

`/వార్/డీబీ/పోర్ట్‌స్నాప్` నిశ్చింతగా తీయొచ్చు. పోర్ట్‌స్నాప్ ఫ్రీబీఎస్‌డీ 14.0 నుంచి లేదు, ట్రీ ఇప్పుడు గిట్‌తోనే. `/వార్/డీబీ/ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్`లోనివి తీస్తే చోటు వస్తుంది కానీ చివరి అప్‌డేట్‌ని రోల్‌బ్యాక్ చేసే దారి మూసుకుపోతుంది. `/వార్/డీబీ/పోర్ట్స్`లోవి ఆప్షన్ల ఫైళ్లు, అన్నీ కలిపినా బరువు లేదు. చోటు కోసం తీయకండి, తీస్తే మీ టిక్కులన్నీ పోతాయి. ఒక్క పోర్ట్‌కి తీయాలంటే `మేక్ ఆర్ఎంకాన్ఫిగ్`. `/వార్/డీబీ/పీకేజీ` జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి, ఏది ఇన్‌స్టాల్ అయిందన్న లెక్క మొత్తం అందులోనే ఉంది. పేరు కలిసిందని తికమక పడేది `/వార్/క్యాష్/పీకేజీ`తో. డౌన్‌లోడ్ ప్యాకేజీలు ఉండేది అక్కడ, `పీకేజీ క్లీన్ -ఏ` కొడితే ఖాళీ అవుతుంది.

యూఎస్ఆర్/ఓబీజే కూడా పోర్ట్స్‌దేనా? చెరపబోతే కుదరదంటోంది.

కాదు, అది బేస్ సిస్టమ్‌ని సోర్సు నుంచి బిల్డ్ చేసినప్పుడు పడేది. కొత్త కెర్నల్, వరల్డ్ ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ సరిగా నడుస్తోందని చూసుకున్నాక తీసేయొచ్చు. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' వచ్చేది కొన్ని ఫైళ్ల మీద మార్చకూడదన్న ఫ్లాగ్ ఉన్నందువల్ల. `సీహెచ్‌ఫ్లాగ్స్ -ఆర్ నోఎస్‌సీహెచ్‌జీ /యూఎస్ఆర్/ఓబీజే` (పెద్ద ఆర్) కొట్టి తర్వాత `ఆర్ఎం -ఆర్ఎఫ్`.

## పూడ్రియేర్ వాడేవాళ్లకు

పూడ్రియేర్‌లో పాత కట్టలు, ప్యాకేజీలు, లాగ్‌లు ఎలా తీయాలి?

పూడ్రియేర్ అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన జైళ్లలో పోర్ట్‌లను గుంపుగా కట్టే పనిముట్టు. కట్టలకు `పూడ్రియేర్ డిస్ట్‌క్లీన్`, ప్యాకేజీలకు `పూడ్రియేర్ పీకేజీక్లీన్`. రెండింటికీ మీ పోర్ట్‌ల జాబితా ఫైలుని `-ఎఫ్`తో ఇవ్వాలి, జాబితాలోనివి, వాటి ఆధారాలు తప్ప మిగతావి తీస్తాయి. ముందు `-ఎన్` చేర్చి ఉత్తుత్తి పరుగు చూడండి. డిస్ట్‌క్లీన్‌కి రెండు ట్రీలు వాడుతుంటే రెండింటినీ `-పీ`తో చెప్పాలి, లేకపోతే రెండోదాని కట్టలు పనికిరానివిగా లెక్కిస్తుంది. లాగ్‌లకు `పూడ్రియేర్ లాగ్‌క్లీన్ 30` అంటే 30 రోజులు దాటినవి పోతాయి. `బల్క్`కి `-డబ్ల్యూ` ఇచ్చే అలవాటుంటే, తప్పిన ప్రతి పోర్ట్ వర్క్ కట్టగా దాచబడి ఉంటుంది. వాటినీ చూసుకోండి.

బిల్డ్ మధ్యలో మెషీన్ ఆగింది. డేటా కింద మిగిలిన .ఎం ఫోల్డర్ చెరపొచ్చా?

వద్దు. బిల్డ్ జైళ్లు మౌంట్ అయ్యేది అక్కడే. అందులో మీ అసలు డిస్ట్‌ఫైల్స్ ఫోల్డర్ నల్‌ఎఫ్ఎస్‌తో (ఒక ఫోల్డర్‌ని ఇంకోచోట కూడా కనిపించేలా చేసేది), రాసే హక్కుతో అతికి ఉంటుంది. రీబూట్ లేకుండా ప్రాసెస్ మాత్రమే చచ్చిపోయిన సందర్భంలో ఆ మౌంట్లు బతికే ఉంటాయి. అక్కడ `ఆర్ఎం -ఆర్ఎఫ్` కొడితే లోపలికి దిగి అసలు కట్టలనే తినేస్తుంది. `పూడ్రియేర్ జైల్ -కే -జే`, పక్కన జైల్ పేరు ఇచ్చి ఆపండి. తర్వాత `మౌంట్` కొట్టి అక్కడ ఏదీ అతికి లేదని చూశాకే మిగతా సంగతి.

## చెరిపినా చోటు రాకపోతే

ఇరవై జీబీ చెరిపాను, డీఎఫ్‌లో ఒక్క ఎంబీ కూడా పెరగలేదు. ఎందుకు?

మీ ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్ అయితే ఆ ఫైళ్లను స్నాప్‌షాట్ (ఒక క్షణంలోని స్థితిని దాచిన నకలు) పట్టుకుని ఉంటుంది. `జెడ్ఎఫ్ఎస్ లిస్ట్ -ఓ స్పేస్` కొడితే ఒక్కో డేటాసెట్‌లో ఎంత చోటు స్నాప్‌షాట్ల చేతిలో ఉందో ప్రత్యేక నిలువు వరసలో కనిపిస్తుంది. ఆటోరిమూవ్‌తో తీసినవైతే పాత బూట్ ఎన్విరాన్‌మెంట్లలో (వెనక్కి వెళ్లి బూట్ అవడానికి దాచిన సిస్టమ్ నకళ్లు) ఉండిపోతాయి, ఎందుకంటే మామూలు ఇన్‌స్టాలేషన్‌లో యూఎస్ఆర్/లోకల్ వాటి లోపలి భాగమే. `బీఈసీటీఎల్ లిస్ట్` చూసి, ఇక వెనక్కి వెళ్లనని నమ్మకం ఉన్నవాటిని `బీఈసీటీఎల్ డెస్ట్రాయ్`తో తీయండి. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ కూడా వీటిని తనే సృష్టిస్తుంది కాబట్టి మీరు చేయనివి కూడా జాబితాలో ఉండొచ్చు.

మళ్లీ ఇదే కాకుండా ఉండాలంటే వర్క్ పడే చోటికీ డిస్ట్‌ఫైల్స్‌కీ విడి డేటాసెట్లు చేసి, మీ ఆటోమేటిక్ స్నాప్‌షాట్ల నుంచి ఆ రెండింటినీ మినహాయించండి. యూఎఫ్ఎస్‌లో (ఫ్రీబీఎస్‌డీలోని ఇంకో ఫైల్ సిస్టమ్) ఇలా జరిగితే చెరిపిన ఫైలుని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచిందని అనుమానించాలి, తరచుగా అది వెనక మరిచిపోయిన కంపైలరే.